పేదవాని విశ్వాసాన్ని నమ్మిన కాపరి: డోర్నకల్ బిషప్ అజరయ్య

ధ్యాన భాగములు: మత్తయి 11:25-26, యోహాను 9వ అధ్యాయము



జనవరి మొదటి వారం వస్తే మన ప్రాంతపు విశ్వాసులు గుర్తు చేసుకోవలసిన తేదీలు రెండున్నాయి. 1945 జనవరి 1న బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. అంతకు ఆరేళ్ల ముందు, 1939 జనవరి 6న, ఆయన ఏళ్ల తరబడి కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ అక్కడే ప్రతిష్ఠించబడింది. ఎపిఫనీ అంటే ప్రత్యక్షత. పశువుల తొట్టిలోని బిడ్డను తూర్పుదేశపు జ్ఞానులు రాజుగా గుర్తుపట్టిన సంగతిని సంఘం జ్ఞాపకం చేసుకునే రోజు అది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుండి రైల్లో విజయవాడకు వెళ్లేవారిలో చాలామంది డోర్నకల్ జంక్షన్ మీదుగా ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. ఆ స్టేషనుకు దగ్గరలో ఉన్న ఆ గుడి కథ, దాన్ని కట్టించిన మనిషి కథ మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఈ వారం ఆయన జీవితాన్ని తలచుకోవడానికి నాకు సొంత కారణం కూడా ఒకటుంది. అది ముందు ఒప్పుకుంటాను.

ఇరవై ఎనిమిదేళ్ల క్రితం, సెమినరీ నుండి కొత్తగా వచ్చిన రోజుల్లో, మానుకోట వైపు ఒక పల్లెలో సేవ చేస్తున్నాను. కూలి పనికి వెళ్లే ఒక పెద్దమ్మ ఎనిమిది నెలలుగా ఆరాధన మానకుండా వస్తూ ఉండేది. బాప్తిస్మం ఇమ్మని అడిగింది. నేను ఆమెను కూర్చోబెట్టి త్రిత్వం గురించి, ప్రాయశ్చిత్తం గురించి ప్రశ్నలు వేశాను. ఆమెకు ఏదీ రాలేదు. కష్టంలో మొరపెట్టుకుంటే యేసయ్య విన్నాడని, తన కోసం చనిపోయాడని, ఇక తాను ఆయన మనిషినని మాత్రం చెప్పింది. ఇంకొంచెం నేర్చుకున్నాక చూద్దామని ఆమె పేరు పక్కన గుర్తు పెట్టి పంపించేశాను. ఆ తర్వాత జరిగినది చివర చెబుతాను.

పల్లె కాపరి ఇంట పుట్టిన బిడ్డ

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళ దేశంలోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ పల్లె సంఘ కాపరి. తల్లి ఎల్లెన్ గారు చాలా ఏళ్లు ఎదురుచూసి, హన్నావలె ప్రార్థించి కన్న బిడ్డ గనుక శామ్యూల్ అనే పేరు పెట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. జబ్బు చేసి చివరి పరీక్షల్లో ఒకటి రాయలేకపోయారు, అందువల్ల డిగ్రీ చేతికి రాలేదు. ఆ డిగ్రీ లేని యువకునికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో వై.ఎం.సి.ఎ. సేవలో చేరి దక్షిణ భారతమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహం చేసుకున్నారు. ఆ కాలంలో కాలేజీ మెట్లెక్కిన కొద్దిమంది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. తర్వాతి కాలంలో డోర్నకల్‌లో స్త్రీల మధ్య జరిగిన పనిలో ఆమె కష్టం ఎంతో ఉంది.

1902లో ఆయన సిలోనులోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను సువార్త పనికి పంపుతున్నారు. అది చూసి ఆయనకు సిగ్గు వేసింది. సువార్త అంది అన్నేళ్లయిన తిరునెల్వేలి సంఘం ఇతరులకు సువార్త పంపే పనిని ఇంకా విదేశీయులకే వదిలేసి ఉందేమిటని బాధపడ్డారు. ఫలితంగా 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ మొదలైంది. డబ్బు మనది, మనుషులు మనవారు, నడిపించడం మనదే అన్నది దాని నియమం. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనెరీ సొసైటీ పుట్టినప్పుడు కూడా ఆయన ముందువరుసలో ఉన్నారు.

తిరునెల్వేలి సంఘం తన సేవకులను ఎక్కడికి పంపిందో తెలుసా? మన దగ్గరికే. నిజాం రాజ్యంలో వరంగల్ వైపున్న మానుకోట తాలూకాకు. నేడు మనం మహబూబాబాద్ అని పిలుస్తున్న ప్రాంతమది. 1904లో పని ఆరంభమైంది. తమిళ దేశపు పల్లెల్లో పేద విశ్వాసులు కూడబెట్టిన కానుకలతో మన ఊళ్లకు సువార్త వచ్చింది.

గుడారంలో కాపురం

ఊరూరా తిరిగి ఇతరులను మిషనెరీలుగా వెళ్లమని పిలుస్తున్న అజరయ్య గారిని ఒక ప్రశ్న వదల్లేదు. ఇతరులను పొమ్మంటున్నవాడు తాను ఎందుకు పోకూడదు? 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి, అభిషేకం పొంది, డోర్నకల్ చేరుకున్నారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. దేశమంతా పేరున్న మనిషి. డోర్నకల్ అప్పటికి సింగరేణి బొగ్గు గనులకు రైలు మార్గం చీలే ఒక చిన్న జంక్షన్. మొదట గుడారంలోనే ఉన్నారు. ఆ వయసులో కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు.

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియా వారు ఇరవై మంది కూడా లేరు. అజరయ్య గారు అక్కడ నిలబడి, మిషనెరీల త్యాగానికి మనసారా కృతజ్ఞత తెలిపారు. తరువాత, వారు మనకు డబ్బు ఇచ్చారు, సేవ ఇచ్చారు గాని స్నేహం ఇవ్వలేదని, ఇకనైనా స్నేహితులుగా ఉండమని కోరారు. కొందరు నొచ్చుకున్నారు. కొందరు తలవంచుకున్నారు. నూరేళ్లు దాటినా ఆ ప్రసంగం ప్రపంచ సంఘ చరిత్రలో నిలిచి ఉంది.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్‌గా అభిషేకించబడ్డారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. భారతీయుడు ఆ బాధ్యత మోయగలడా అని అనుమానించి అడ్డుచెప్పినవారు లేకపోలేదు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు పట్టుబట్టి నిలబడ్డారు. ఒక అధ్యక్ష ఖండానికి కాపరిగా ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్, 1945లో ఆయన కన్ను మూసేవరకు ఆయన ఒక్కరే.

చదువు రాని సంఘానికి చదువు చెప్పిన తీరు

ఆయన దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమంది మాల మాదిగ పేటలవారు. దొరల పొలాల్లో వెట్టి చేసేవారు. అక్షరం తెలియనివారు. అటువంటి వారికి దేవుణ్ణి గుర్తుపట్టడం సాధ్యమా? బిషప్ గారు అవునని నమ్మారు. నమ్మి ఊరుకోలేదు. ఇక్కడే మనం జాగ్రత్తగా గమనించాలి.

సామాన్య విశ్వాసం చాలు గనుక బోధ అక్కరలేదని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. బాప్తిస్మానికి ముందు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నేర్పించేవారు. చదవలేనివారికి చెవి ద్వారా, నోటి ద్వారా నేర్పించారు. తెలుగు కీర్తనలు, నాటికలు, పండుగలు, ఊరేగింపులు వాడుకున్నారు. రోజంతా పొలంలో వంగి పనిచేసిన మనిషి రాత్రి దీపం దగ్గర కూర్చుని పాడిన పాట, మరుసటి రోజు నాట్లు వేస్తుంటే కూడా నోట్లో ఆడుతుంది. పుస్తకం పట్టలేని చేతులకు అదే పుస్తకం.

రెండవది, నోటి మాటతో పాటు నడవడిక మారాలని ఆయన గట్టిగా అడిగేవారు. తాగుడు మానాలి. తగాదాలు మానాలి. విగ్రహాలకు మొక్కులు మానాలి. ఆదివారం ఆరాధనకు రావాలి. ఉన్నంతలో ఇవ్వాలి. పేదవాడు కదా, ఇతని దగ్గర కానుక అడగవచ్చా అని ఆయన సంకోచించలేదు. ఇవ్వలేనివాడని తీసిపారేయడం కూడా పేదవాణ్ణి అవమానించడమేనని ఆయనకు తెలుసు. క్రైస్తవ కానుకల గురించి ఆయన రాసిన పుస్తకం ఇతర భాషల్లోకి కూడా వెళ్లింది. వంట చేసేముందు ప్రభువు కోసం పిడికెడు బియ్యం తీసి పెట్టే తల్లులు మన సంఘాల్లో నేటికీ ఉన్నారు కదా, ఆ అలవాటు వెనుక ఉన్న నమ్మకమే ఇది.

మూడవది, అందరికన్నా చిన్నవాణ్ణి కూడా ఆయన సాక్షిగా నిలబెట్టారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేతులను వారి తలల మీదే పెట్టించి, 1 కొరింథీయులకు 9:16లో పౌలు తన గురించి చెప్పుకున్న భావాన్ని వారి నోట పలికించేవారు. బాప్తిస్మం పొందినవాడు సువార్త చెప్పక తప్పదని ఆ మనిషికి తన తల మీది నీటి తడి ఆరకముందే తెలిసేది. ఏటా సాక్ష్యపు వారం జరిపి, సంఘస్థులను చుట్టుపక్కల ఊళ్లకు పంపేవారు. ఉపదేశి మాత్రమే కాదు, కూలివాడు వెళ్లాడు. కూలివాని భార్య వెళ్లింది.

బిషప్ గారు ఎద్దుల బండిలో, సైకిలు మీద ఊరూరా తిరిగారు. 1935 నాటికి ఆయన ఖండంలో 250 మంది అభిషేకం పొందిన భారతీయ గురువులు, 2000 మందికి పైగా గ్రామ ఉపదేశకులు ఉన్నారు. 1941 నాటికి విశ్వాసుల సంఖ్య 2,25,000 దాటింది. ఆనాటి జపాను, కొరియా, చైనా దేశాల ఆంగ్లికన్ విశ్వాసులందరినీ కలిపినా అంతమంది లేరు.

పేదవానికి దేవుడు తెలుస్తాడా?

1930లలో ఆయన ముందుకు ఒక కఠినమైన ప్రశ్న వచ్చింది. 1935 అక్టోబరులో నాసిక్ దగ్గరి యేవలాలో డాక్టర్ అంబేద్కర్ గారు తాను హిందువుగా చనిపోనని ప్రకటించారు. దేశమంతా మతమార్పిడి గురించి వాదం రేగింది. గాంధీజీ తన హరిజన్ పత్రికలో, దళితులకు ఒక మతానికీ మరొక మతానికీ ఉన్న తేడా తూచుకునే శక్తి లేదని, అటువంటి వారికి మతం బోధించడం తగదని వాదించారు. ఆయన అంటరానితనం మీద పోరాడినవాడు. ఆ పోరాటాన్ని మనం గౌరవిస్తాం. అయినా ఈ ఒక్క మాటలో, పేదవాని ఆత్మకు కళ్లు లేవన్న భావం ఉంది.

అజరయ్య గారు దీన్ని అంగీకరించలేదు. ఆయన దేశభక్తుడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, సంఘం రాజకీయ వర్గంగా మారితే సాక్ష్యం చెడిపోతుందని బహిరంగంగా చెప్పినవాడు. ఓట్ల కోసం, సంఖ్య కోసం మనుషులను పోగు చేస్తున్నాడని ఆయనను అనడం న్యాయం కాదు. పేదలు కూడా పాపం అంటే ఏమిటో, క్షమాపణ అంటే ఏమిటో, దేవుని సన్నిధి అంటే ఏమిటో ఎరుగుదురని ఆయన నిలబడ్డారు. రుజువు కావాలంటే పల్లెలకు వచ్చి చూడమన్నది ఆయన వైఖరి. ఆ పల్లెల్లోనే మరొక సంగతి జరుగుతూ ఉంది. మాల మాదిగ విశ్వాసుల జీవితాలు మారడం చూసి, అదే ఊరి పై కులాల రైతు కుటుంబాలు కొన్ని సంఘంలోకి రాసాగాయి. వారిని తెచ్చినది పెద్ద పెద్ద ప్రసంగాలు కావు. నిన్నటిదాకా తమ పొలంలో తాగి పడిపోయిన మనిషి నేడు తెలివిగా, శుభ్రంగా, అబద్ధమాడకుండా పని చేయడం వారు కళ్లారా చూశారు.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివాడు ఉన్నాడు. పరిసయ్యులు వాణ్ణి రెండుసార్లు పిలిచి విచారించారు. వారికి ధర్మశాస్త్రమంతా తెలుసు. వానికి తెలిసింది ఒక్కటే, తాను ఇంతకుముందు చూడలేదు, ఇప్పుడు చూస్తున్నాడు. ఆ ఒక్క సంగతిని వాడు వదల్లేదు. వాణ్ణి వెలివేశారు. అయితే ఆ అధ్యాయం ముగిసేసరికి యేసును గుర్తుపట్టి మ్రొక్కినవాడు వాడే. తెలిసినవారు తెలిసినచోటే ఉండిపోయారు. వాని విశ్వాసం కూడా ఒక్కసారిగా నిండలేదని గమనించండి. మొదట ఆయనను ఒక మనిషి అన్నాడు, తరువాత ప్రవక్త అన్నాడు, చివరకు ప్రభువుగా ఎరిగాడు. సామాన్య విశ్వాసం అంటే తెలివి తక్కువతనం కాదు. తెలిసిన కొంచెం వెలుగును పట్టుకుని తరువాతి అడుగు వేయడం.

ఒక్క సంఘం కోసం

ఆయన మరొక భారం కూడా మోశారు. ఒకే ఊళ్లో ఒకే ప్రభువును నమ్మిన పేదలు, విదేశాల్లో పుట్టిన చీలికల పేర్లతో వేరువేరు గుడులకు పోవడం ఆయనను బాధించింది. 1919లో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడి సంఘాల ఐక్యత కోసం పిలుపునిచ్చినప్పుడు ఆయన వారిలో ముఖ్యుడు. తరువాతి ఇరవై అయిదేళ్లు ఆ పని కోసం శ్రమించారు. ఫలం చూడకుండానే వెళ్లిపోయారు. 1944 చివరలో పల్లెల పర్యటన నుండి జ్వరంతో తిరిగివచ్చి, కొత్త సంవత్సరం మొదటి రోజున కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మోషే కొండమీద నుండి దేశాన్ని చూసినట్టు ఆయన దూరం నుండి చూసి ఆనందించి ఉంటారు.

ఆయన విడిచిపోయిన గుడిని చూడండి. దానికి గోపురాలున్నాయి, మినార్లున్నాయి, చెక్కిన రాతి స్తంభాలున్నాయి. హిందువుల కట్టడపు తీరు, ముస్లిముల కట్టడపు తీరు కలిపి క్రీస్తు ఆరాధనకు ఆయన వాడుకున్నారు. మన ఊరివాడు గుడిలో అడుగు పెట్టగానే పరాయి ఇంటికి వచ్చానని అనుకోకూడదన్నదే ఆయన ఆశ.

మన సంగతి

ప్రియులారా, ఇప్పుడు ఆ పెద్దమ్మ దగ్గరికి వస్తాను. నేను గుర్తు పెట్టి పంపించేసిన తర్వాత కూడా ఆమె ఆరాధన మానలేదు. నా మీద కోపం పెట్టుకోలేదు. ఆ వానాకాలం జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో చనిపోయింది. సంఘ పెద్దలు నా దగ్గరికి వచ్చి, ఈమెను మన సమాధుల తోటలో పెట్టవచ్చా, ఈమె మనదేనా అని అడిగారు. నేను నేర్చుకున్న చదువంతా ఆ ప్రశ్న ముందు మూగపోయింది. మనదే అన్నాను. సమాధి దగ్గర ప్రార్థన చేస్తుండగా నా గొంతు పెగల్లేదు. తరువాతి ఆదివారం ఆమె కోడలు ఒక చిన్న కుండ తెచ్చి బల్ల దగ్గర పెట్టింది. అత్త తీసి పెట్టిన పిడికిలి బియ్యం అందులో సగం దాకా ఉన్నాయి. జ్వరం వచ్చిన రోజు వరకు ఆమె పెడుతూనే ఉందట.

ఆమెకు బోధించవలసిన బాధ్యత నాది. ఆమెకు రాలేదంటే నేను చెప్పే తీరులో లోపం ఉంది. నేను చెప్పలేకపోయిన దానికి శిక్ష ఆమెకు వేశాను. బిషప్ అజరయ్య గారి జీవితాన్ని తరువాత శ్రద్ధగా చదివినప్పుడు నాకు ఇదే అర్థమైంది. ఆయన ఆమెను త్రిప్పి పంపేవారు కారు. పక్కన కూర్చోబెట్టుకుని పాట నేర్పేవారు. నడవడిక చూసేవారు. తరువాత ఆమెనే పక్క ఊరికి సాక్షిగా పంపేవారు.

నేడు మన సంఘాల్లో రెండు శోధనలు చూస్తున్నాను. ఒకటి, పెద్ద వేదిక, పెద్ద శబ్దం, కళ్లు చెదిరే అద్భుతం ఉంటేనే దేవుడు కనబడతాడని పరుగెత్తడం. రెండవది, చదువుకున్న మనం పల్లె విశ్వాసుల ప్రార్థనను చూసి లోలోపల నవ్వుకోవడం. భూపాలపల్లి గనిలోకి దిగేముందు తలవంచి ఒక్క మాట ప్రార్థించే కార్మికుడు, జనగామ మార్కెట్లో వడ్ల రాశి దగ్గర తూకంలో మోసం చేయని విశ్వాసి, మహబూబాబాద్ తండాలో తెల్లవారుజామున పిల్లలను లేపి వాక్యం చెప్పే తల్లి, వీరు దేవుణ్ణి గుర్తుపట్టినవారు. జ్ఞానులకు మరుగుచేసి పసిబిడ్డలకు బయలుపరచినందుకు ప్రభువు తండ్రిని స్తుతించినది ఇలాంటి వారిని బట్టే.

ఈ వారం మూడు పనులు చేద్దాం. మీ సంఘంలో చదువు రాని ఒక విశ్వాసి దగ్గర కూర్చుని, ప్రభువు వారికి ఏమి చేశాడో అడిగి వినండి. మీరు నేర్చుకున్నది వారికి అర్థమయ్యే తీరులో ఒక్కటి చెప్పండి. వీలైతే మీ పిల్లలను తీసుకుని డోర్నకల్ వెళ్లి, ఆ గుడిలో కొంతసేపు మౌనంగా కూర్చోండి.

కాపరులమైన మనకు ప్రభువు ఒక కృప దయచేయునుగాక. తన ప్రజలను ఆయన గుర్తుపట్టినట్టే మనమూ గుర్తుపట్టునట్లు మన కన్నులు తెరచునుగాక. ఆమేన్.